గూళ్ళున్న చెరువు పక్కన డ్రోన్‌తో మందు కొట్టాలంటే

మీ చెరువులో తుమ్మచెట్లమీద ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టాయని, గట్టు పక్క వరికి డ్రోన్‌తో మందు కొడితే గుంపంతా లేచిపోతోందని రాశారు. మా ఊళ్ళోనూ మూడేళ్ళ క్రితం ఇదే జరిగింది. డ్రోన్ పైరు మీద తక్కువ ఎత్తున తిరిగినంతసేపు కొంగలు మెడ కూడా ఎత్తలేదు. బ్యాటరీ తగ్గగానే అది చెట్ల ఎత్తు దాటి లేచి, బయలుదేరిన చోటికి తిన్నగా గూళ్ళమీదుగా వెళ్ళింది. పెద్ద పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. అవి మళ్ళీ వాలేలోపు కాకులు గుడ్లు పొడిచేశాయి. రెండు పిల్లలు నీళ్ళలో పడిపోయాయి. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

కొన్ని జాతులు అసలు తిరిగే రావు. 2021లో కాలిఫోర్నియాలోని బోల్సా చికాలో ఒక డ్రోన్ కూలితే, టెర్న్ అనే సముద్రతీర పక్షులు సుమారు 1,500 గుడ్లు వదిలేసి వెళ్ళిపోయాయి.

అప్పటినుంచి మందు కొట్టడానికి వారం ముందు మా అన్నయ్య కొడుకూ నేనూ గట్టుమీద కూర్చుని పక్షుల రాకపోకలు రాసుకుంటున్నాం. పక్షులు ఎటు తిరుగుతున్నాయో తెలిపే ట్యాగులు వాటికి కట్టడం అనుమతి ఉన్న పరిశోధకుల పని. ఊరి చెరువుకు బైనాక్యులర్, నోటుపుస్తకం చాలు. ఏ చెట్టుమీద పిల్లలు చిన్నవి, పెద్దవి మేతకు ఏ దిక్కుగా పోయి ఎప్పుడు వస్తున్నాయి అన్నవి ముఖ్యం. ఎండ ముదిరాక అవి రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడతాయి. ఆ వేళ లేపితే పిల్లలు మాడిపోతాయి. పొద్దెక్కాక వేడిగాలి ఆసరాతో చుట్లు తిరుగుతూ పైకి లేస్తాయి, అప్పుడు డ్రోన్‌కు అడ్డం పడే ప్రమాదం ఉంది. అందుకే మేము తెల్లవారగానే మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ముగిస్తాం. గాలి చెరువు వైపు వీస్తే ఆ రోజు మానేస్తాం, ఆ కొంగలు తినేది అందులోని చేపలనే కదా.

అన్నిటికన్నా పనికొచ్చింది డ్రోన్ లేపే చోటు మార్చడం. చెరువుకు దూరంగా, పొలం అవతలి గట్టునుంచి లేపండి. అప్పుడు తిరుగుదారి గూళ్ళమీదుగా పోదు. చెట్లకు ఆనుకున్న మళ్ళకు చేతి స్ప్రేయరే వాడండి. గూళ్ళపైకి నిలువుగా దించడం మాత్రం ఎన్నడూ వద్దు: దక్షిణ ఫ్రాన్స్‌లో చేసిన, 2015లో ప్రచురితమైన ప్రయోగాల్లోనూ నిట్టనిలువుగా దిగిన డ్రోన్‌కే పక్షులు ఎక్కువగా బెదిరాయి.

కొంగలు లేచేదాకా ఆగకండి. నాలుగైదు ఒకేసారి మెడలు నిక్కించి శబ్దం వైపు చూశాయంటే వెంటనే డ్రోన్‌ను వెనక్కి రప్పించండి.

గూళ్ళు పొలానికి ఏ దిక్కున ఉన్నాయో, పిల్లలు ఏ వయసువో రాస్తే, ఎక్కడినుంచి లేపితే మంచిదో నాకు తోచింది చెబుతాను.