డ్యురాన్ డ్యురాన్ డీవీడీలో అడ్డగీతలు, సాగిన ముఖాలు: ఇలా సరిచేయండి

డిస్క్ పాడవలేదు, మళ్లీ కొనకండి. ఎంటీవీ తొలినాళ్ల వీడియోలు, ఈ బ్రిటిష్ పాప్ బ్యాండ్‌వి కూడా, ఇంటర్లేస్డ్ పద్ధతిలో ఉండేవి: ఒక ఫ్రేములో సగం గీతలు ముందు, మిగతా సగం తర్వాత. ల్యాప్‌టాప్ రెండూ కలిపి చూపిస్తే, మనిషి కదలగానే అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి.

వీఎల్‌సీ ప్లేయర్‌లో:

1. వీడియో మెనూలో డీఇంటర్లేస్ ఆన్ చేయండి.

2. దాని కిందే ఉన్న డీఇంటర్లేస్ మోడ్ కూడా మార్చండి. చాలామంది వదిలేసేది ఇదే, ఆన్ చేసి "ఏం మారలేదు" అంటారు.
– వీడియో కెమెరాతో తీసిన స్టూడియో పాటలకు: యాడిఫ్ 2ఎక్స్.
– ఫిల్మ్ మీద తీసినవాటికి, డిస్క్ అమెరికాదైతే: ఫిల్మ్ ఎన్‌టీఎస్‌సీ.
ఏదో తెలియకపోతే రెండూ పెట్టి చూడండి. "రియో" పాటలో (1982, ఆంటిగ్వా దీవిలో తీసింది) పడవ సీన్ దగ్గర తేడా వెంటనే తెలిసిపోతుంది.

3. ముఖాలు సాగితే యాస్పెక్ట్ రేషియో (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 4:3 పెట్టండి. పక్కన నల్ల పట్టీలు వస్తాయి, రావాలి కూడా. తెర నిండా సాగదీసి చూడటం కంటే అదే నయం.

టీవీకి కలిపాక మళ్లీ సాగితే, టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజ్ చూడండి.