అరవై అయిదులో అడుగుపెట్టే తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

జూన్‌లో నీకు 65 నిండుతాయి కదా, ఈపాటికే ఇన్సూరెన్స్ కంపెనీల కవర్లు కుప్పలుగా వస్తుంటాయి. టెన్షన్ పడకు, గడువు మాత్రం దాటనివ్వకు.

మార్చి నుంచి మే లోపు పార్ట్ ఎ (ఆసుపత్రి ఖర్చులకు), పార్ట్ బి (డాక్టర్ల ఖర్చులకు) రెండింటికీ అప్లై చేస్తే జూన్ ఒకటి నుంచే మెడికేర్, అంటే ఇక్కడ అమెరికాలో 65 నిండినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, మొదలవుతుంది. నువ్వు రిటైరయ్యావు, ఆఫీసు ఇన్సూరెన్స్ లేదు. ఆలస్యం చేసిన ప్రతి ఏడాదికీ పార్ట్ బి ప్రీమియం 10 శాతం చొప్పున పెరుగుతుంది, ఆ అదనం జీవితాంతం కట్టాలి. పదేళ్లకు మించి జీతంలోంచి మెడికేర్ పన్ను కట్టావు కాబట్టి పార్ట్ ఎకి ప్రీమియం ఉండదు. మరదలు ఉద్యోగం చేయకపోయినా, తనకు 65 వచ్చాక నీ రికార్డు మీద అలాగే వస్తుంది.

అసలు సంగతి ఇక్కడుంది. డాక్టర్ల ఖర్చులో పార్ట్ బి ఇచ్చేది 80 శాతమే. మిగతా 20 శాతానికి పైపరిమితి లేదు. కీమో లాంటి వైద్యానికి లక్ష డాలర్లయితే ఇరవై వేలు నువ్వే కట్టాలి. అందుకే మెడిగ్యాప్, అంటే ఆ మిగతా వాటా కట్టే ప్రైవేటు ఇన్సూరెన్స్.

పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లో, అంటే నవంబర్ ఆఖరులోగా, ఏ కంపెనీ అయినా నీకు మెడిగ్యాప్ ఇచ్చి తీరాలి. నీ షుగర్, నీ స్టెంట్ చూపించి రేటు పెంచకూడదు. ఆ తర్వాత మీ టెక్సస్‌లో కాదనే హక్కు వాళ్లకుంటుంది. ఎ, బి రెండూ ప్రైవేటు కంపెనీ ద్వారా వచ్చే అడ్వాంటేజ్ ప్లాన్‌లో ప్రీమియం తక్కువే, పళ్లకూ కళ్లకూ ఏదో ఇస్తారు. కానీ నెట్‌వర్క్ డాక్టర్లు, ముందస్తు అనుమతులు ఉంటాయి. కొన్నేళ్ల తర్వాత మెడిగ్యాప్‌కి మారాలంటే నీ ఆరోగ్యంతో కష్టం.

నా మాట విని మెడిగ్యాప్ ప్లాన్ జి తీసుకో. ఏ కంపెనీ దగ్గరైనా జి అంటే అవే ప్రయోజనాలు, ధర పోల్చుకుంటే చాలు. 2025లో మీ బావగారి మోకాలి ఆపరేషన్‌కి పార్ట్ బి డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేముందు మనం కట్టాల్సింది) 257 డాలర్లు తప్ప మేం కట్టింది లేదు. మందులకు పార్ట్ డి విడిగా తీసుకోవాలి, మరచిపోకు.

గుంటూరు వెళ్లినప్పుడు మెడికేర్ పనిచేయదు. ప్లాన్ జి మాత్రం ప్రయాణం మొదటి 60 రోజుల్లో వచ్చే ఎమర్జెన్సీకి, 250 డాలర్ల డిడక్టిబుల్ పోను 80 శాతం ఇస్తుంది, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల దాకా. మీరు సంక్రాంతికని వెళ్లి వేసవి దాకా ఉంటారు కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా తీసుకోండి.

ఏజెంట్ దగ్గర సంతకం పెట్టేముందు షిప్ అనే ప్రభుత్వ మెడికేర్ సలహా కేంద్రం వాళ్లతో ఒకసారి మాట్లాడు. ప్రతి రాష్ట్రంలోనూ ఉంటారు. వాళ్లు ఏ ప్లానూ అమ్మరు, సలహాకి డబ్బు తీసుకోరు. వెళ్లేటప్పుడు నీ మందుల చీటీ పట్టుకెళ్లు, పార్ట్ డి ఎంచుకోవడానికి అదే ఆధారం.

మీ అక్క