పావుగంట పాఠాలు పెడుతున్నావట

చిరంజీవి చిన్నీకి,

అత్త దీవించి రాయునది. మీ అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు పావుగంట పాఠాలు చెప్పబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో ఇంకో టీచరు తయారైందని మురిసిపోయాను. ఆ తర్వాత నువ్వు పంపిన లిస్టు చూశాను. హరప్పా, సప్తస్వరాలు, డీఎన్‌ఏ, కాకతీయులు, బ్లాక్ హోల్స్... అన్నీ మొదటి నెలలోనే! వచ్చేది పిల్లలా, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లా?

చాప పరుచు, టైముకి మొదలుపెట్టు, ఫోన్లు పక్కన పెట్టించు. ఇవి నీకు తెలిసినవే. నా టెన్షన్ వేరే. నీకు చాలా తెలుసు. తెలిసినవాళ్లతోనే ఈ తంటా.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. మన నల్లగొండ మీదుగానే పోయింది. ఊరంతా తలుపులు బిడాయించుకుంది. మీ నాయనమ్మ మమ్మల్ని లోపల కూర్చోబెట్టినా, మీ నాన్న కిటికీ సందులోంచి వాకిట్లో వేపచెట్టు నీడ చూశాడు. ఆకుల మధ్య నుంచి పడే ఎండ చుక్కలు రోజూ గుండ్రంగా ఉంటాయి కదా, ఆరోజు ఒక్కొక్కటీ నెలవంక. నేలంతా నెలవంకలే, గాలికి అటూ ఇటూ కదులుతూ.

సోమవారం బళ్లో అడిగాడు, అలా ఎందుకు పడ్డాయని. సైన్సు సారు ముఖం వెలిగిపోయింది. మంచి మనిషి, ఎంతో చదివినవాడు. "కాంతి ఋజుమార్గంలో ప్రయాణించును" అని మొదలుపెట్టి బోర్డు నిండా కిరణాలు గీశాడు. గంట కొట్టినా ఆపలేదు. చివర్లో ఆ పటం అందర్నీ పదిసార్లు వేసుకు రమ్మన్నాడు. బయటికి రాగానే క్లాసంతా మీ నాన్న మీద పడింది, "నువ్వెందుకు అడిగావురా" అని. ఆ ఏడాది ఆ క్లాసులో మళ్లీ చెయ్యి లేవలేదు. మీ నాన్న ఇప్పటికీ నలుగురిలో ఏదీ అడగడు. నువ్వేమో సిగ్గనుకుంటావు.

నువ్వు ఇలా చెయ్యి. అట్టముక్కకు పెసరగింజంత మూడు మూలల చిల్లు పెట్టు. ఎండలో నేలకు ఆనించినట్టు పట్టుకుంటే త్రికోణమే పడుతుంది. మెల్లగా పైకెత్తు. నడుమెత్తుకు వచ్చేసరికి చుక్క గుండ్రమైపోతుంది. "చిల్లుకున్న మూలలు చుక్కకు లేవేం?" అని అడిగి ఊరుకో. వారం ఆగు. ఎవడో ఒకడు "అది సూర్యుడి బొమ్మక్కా" అంటాడు. అనకపోతే ఇంకో వారం. మీ నాన్న చూసిన నెలవంకలూ గ్రహణం పట్టిన సూర్యుడి బొమ్మలే. పిల్లల కళ్లు మాత్రం నేల మీదే ఉండాలి, సూర్యుడి వైపు ఒక్కడు తలెత్తినా పాఠం ఆపెయ్. ఇది మరీ మరీ చెబుతున్నా.

ఇంకో వారానికి కొండపల్లి బొమ్మ. ఏమీ చెప్పకుండా చేతికివ్వు. ఇంత తేలిగ్గా ఉందేమిటని వాళ్లే అంటారు. అది తెల్లపొణికి చెక్క. ముక్కల్ని అతికేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. చెక్క సంగతి ఒకరోజు, మక్కు సంగతి ఒకరోజు, చేసేవాళ్ల సంగతి ఇంకోరోజు. మూడూ ఒకేసారి కుక్కావో, వచ్చి చెవి పిండుతా, ఎంత ఉద్యోగస్థురాలివైనా సరే.

నీ గొంతు తొందరగా బొంగురుపోతుంది, వేడినీళ్లు దగ్గర పెట్టుకో తల్లీ. నువ్వు తక్కువ మాట్లాడితే దానికీ మంచిదే.

నెల తిరక్కుండానే తల్లిదండ్రులు టెస్టు పెట్టమంటారు, అసోసియేషన్ వాళ్లు సర్టిఫికెట్లు ఇద్దామంటారు. నీకు కాదనడం రాదు. నా నంబరివ్వు, నేను మాట్లాడుకుంటా.

మీ అత్త