మేలో బీచ్ ట్రిప్ సరే, జూన్ ఫీజుల సంగతేంటి?

ప్రశ్న: నమస్తే అన్నా. మాది కావలి. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, చేతికి 38 వేలు వస్తుంది. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, నెలకు ఎనిమిది తొమ్మిది వేలు. ఖర్చులు, చీటీ పోను నెలకు నాలుగు వేలు మిగులుతుంది. పిల్లలు ఏడో తరగతి, మూడో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటారు. బ్యాంకులో 27 వేలు ఉన్నాయి, జూన్‌లో పిల్లలిద్దరికీ మొదటి టర్మ్ ఫీజు 22 వేలు కట్టాలి. మా తోడికోడలు వాళ్ళు గోవా వెళ్ళొచ్చినప్పటి నుంచి పిల్లలు బీచ్ అని ఒకటే గోల. మాకు సెకండ్ హ్యాండ్ వ్యాగనార్ ఉంది, మేలో పాండిచ్చేరి మూడు రాత్రులు వెళ్దామని ఆయన అంటున్నారు. డబ్బు చాలకపోతే లక్ష రూపాయల ఇరవై నెలల చీటీ ఆరో నెల నడుస్తోంది, అది పాడుకుందామా? లేకపోతే క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెడదామా?

జవాబు: చెల్లెమ్మా, చీటీ పాడొద్దు, ఈఎంఐ పెట్టొద్దు. ట్రిప్ మాత్రం వెళ్ళండి. పిల్లలు ఈ వయసులో అడిగినట్టు ఇంకో నాలుగేళ్ళకు అడగరు, అప్పుడు మీరే రమ్మన్నా ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. కాబట్టి ఖర్చు దండగ అని నేను అనను. కాకపోతే పాండిచ్చేరి కాదు, మూడు రాత్రులు కాదు.

ముందు పాండిచ్చేరి లెక్క చూద్దాం. కావలి నుంచి పోనూ రానూ 760 కిలోమీటర్ల పైమాటే, అక్కడ తిరుగుడు కలిపితే 820 వేసుకోండి. ఏసీ వేసుకుని ఐదుగురు కూర్చుంటే పాత వ్యాగనార్ లీటరుకు 15 ఇస్తే గొప్ప. పెట్రోలు 5,800 దాకా అవుతుంది, అదీ తడ దాటాక తమిళనాడులో పోయించుకుంటేనే, అక్కడ మనకంటే రేటు తక్కువ. టోళ్ళకు 1,500. ఐదుగురికి రెండు ఏసీ రూములు కావాలి, సీజన్‌లో ఒక్కోటి 3,000 అనుకున్నా మూడు రాత్రులకు 18 వేలు, పైన జీఎస్‌టీ 900. నాలుగు రోజులు బయటి తిండి మనిషికి రోజుకు 600 చొప్పున 12 వేలు. బోటు, బొమ్మలు, పార్కింగ్, ఐస్‌క్రీములు 3,500. మొత్తం 42 వేలకు కాస్త అటూ ఇటూ. ఇవన్నీ నేను ఉజ్జాయింపుగా వేసినవే, మీరు నాలుగు ఫోన్లు చేసి సరిచూసుకోండి. ఎలా సరిచూసినా ముప్పైకి మాత్రం దిగదు.

ఇందులో పెట్రోలు ఎంత, రూములు, తిండి ఎంత అన్నది గమనించండి. అందరూ దూరం తగ్గిస్తే ఖర్చు తగ్గుతుందనుకుంటారు. కొంత తగ్గుతుంది, కానీ జేబు ఖాళీ చేసేది రాత్రులు. ఒక్క రాత్రి పెరిగితే రూములు, మర్నాడు మూడు పూటల తిండి కలిపి మీ ఐదుగురికి తొమ్మిది వేలు పైనే.

ఇప్పుడు మీ దగ్గరున్నది. 27 వేలల్లో 22 వేలు స్కూలువి, వాటిని మీవి అనుకోవద్దు, వీలైతే ఇవాళే ఇంకో అకౌంట్‌లోకి మార్చేయండి. మిగిలింది 5 వేలు. ఇప్పుడు ఫిబ్రవరి, ఏప్రిల్ చివరికల్లా నెలకు నాలుగు చొప్పున 12 వేలు చేరుతుంది. అంటే మే మొదటికి 17 వేలు. అందులో కూడా మొత్తం ట్రిప్‌ది కాదు, ఎందుకంటే మీరు ఫీజు ఒక్కటే రాశారు, పుస్తకాలు, నోట్సులు, యూనిఫాం, బూట్లు, బస్సు డబ్బులు రాయలేదు. జూన్ 12న స్కూళ్ళు తెరిచేసరికి అవన్నీ ఒకేసారి మీద పడతాయి, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అదేమీ చిన్న మొత్తం కాదు. మే నెల కుట్టు డబ్బులు కొంత అటు పెట్టినా, ఈ 17లో ఓ నాలుగు వేలు దానికే వదిలేయాలి. ట్రిప్‌కి 13 వేలు.

చీటీ సంగతి. ఇరవై నెలల చీటీ ఆరో నెలలో, వేసవి ముందు, పెళ్ళిళ్ళ సీజన్‌లో పాడితే పాట బాగా ఎక్కుతుంది. ఇరవై వేలు తగ్గించి పాడారనుకోండి, చేతికి 80 వేలు వస్తుంది, కట్టాల్సింది మాత్రం చివరిదాకా కట్టాలి. పాండిచ్చేరికయ్యే 42 వేలకు మీ 17 పోను తగ్గే పాతిక వేల అవసరానికి ఇరవై వేలు వదులుకోవడం ఏం లెక్క? పైగా 80 వేలు ఇంట్లోకి వచ్చాక పాతికే ఖర్చవుతుందని మీరు నమ్ముతున్నారేమో, నేను నమ్మను, ఫ్రిజ్ పాతదైపోయిందని అప్పుడే గుర్తొస్తుంది. ఆ చీటీని వీలైనంత చివరికి తీసుకెళ్ళి, వచ్చిన డబ్బును ఆపద కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. ఇప్పుడు మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే చేతిలో ఏముంది? స్కూలు ఫీజే కదా.

ఈఎంఐ గురించి మీ ఆయన ఏమంటారో నాకు తెలుసు, పాతిక వేలకు ఏడాదిలో వడ్డీ ఎంతని. నిజమే, ఏడాదికి 16 శాతం వేసినా నెలకు 2,270, వడ్డీ, దాని మీద జీఎస్‌టీ, ప్రాసెసింగ్ ఫీజు అన్నీ కలిపినా మూడు వేలకు అటూ ఇటూ. నా భయం వడ్డీ గురించి కాదు. మీకు నెలకు మిగిలేదే నాలుగు వేలు, అందులో సగానికి పైగా వచ్చే మే దాకా ఆ నాలుగు రోజులకే పోతుంది. మధ్యలో దసరా ఉంది, సంక్రాంతి ఉంది, ఎవరిదో ఒకరి పెళ్ళి ఉంటుంది. ఏదో ఒక నెల కట్టలేక కార్డు మీద మినిమమ్ మాత్రం కట్టారా, అప్పుడు మొదలవుతుంది నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ.

మరి 13 వేలకు ఎక్కడికి? మీ ఊరి బీచ్ తుమ్మలపెంట ఉండనే ఉంది, పిల్లలు దాన్ని ట్రిప్ కింద లెక్కపెట్టరు. రామాయపట్నం, ఒంగోలు దగ్గర కొత్తపట్నం, నెల్లూరు అవతల మైపాడు, ఇవన్నీ సాయంత్రం వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు. కానీ మేలో పగలు వెళ్ళే బీచ్ అంటూ ఏదీ లేదు. ఉదయం తొమ్మిదికే ఇసుక కాలుతుంది, సాయంత్రం నాలుగున్నర దాకా మనిషి నిలబడలేడు, ఇక రోహిణీ కార్తె వచ్చిందంటే రోళ్ళు పగిలే ఎండలు. ఆ మధ్య గంటలు ఎక్కడ గడుపుతారన్నదే అసలు ప్రశ్న, అందుకే మే నెలలో ఏసీ రూము విలాసం కాదు, ట్రిప్ అంటే సగం అదే. ఒక మాట చెప్పనా, పిల్లలకు కూడా సముద్రం ఎంతో హోటల్ రూమూ అంతే, ఆ మంచాల మీద ఎగరడం, ఏసీ రిమోట్ కోసం కొట్టుకోవడం.

నా ఓటు బాపట్ల సూర్యలంకకు, ఒక్క రాత్రి, సముద్రం పక్కనే. కావలి నుంచి దాదాపు 140 కిలోమీటర్లు. ఒంగోలు దాకా హైవే, అక్కడి నుంచి చీరాల మీదుగా 216 నంబరు జాతీయ రహదారి. టూరిజం వాళ్ళ హరిత రిసార్టు ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. పోనూ రానూ, అక్కడి తిరుగుడు కలిపి 320 కిలోమీటర్లు, పెట్రోలు 2,400. టంగుటూరు టోలు, మిగతావి కలిపి 500. రూము 2,500 చొప్పున రెండు, జీఎస్‌టీతో 5,250. రోజుకు 7,500 లోపు రూములకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ 5 శాతమే, ఎవరైనా ఇంకా పన్నెండు అంటే బిల్లు చూపించమనండి. తిండికి 3,500, పిల్లల సరదాలకు 1,300. మొత్తం 12,950.

చీరాల ఊళ్ళో లాడ్జి తీసుకుని రెండు రాత్రులు ఉండి, ఓడరేవు బీచ్‌కి వెళ్ళొస్తే చవక కాదా అని అడగొచ్చు. ఏసీ రూము 1,500 వేసుకున్నా రెండు రూములు, రెండు రాత్రులు, 6,300 అయింది. సముద్రం పక్కన ఒక్క రాత్రికంటే ఎక్కువే, తిండి కూడా ఒకరోజు అదనం. పైగా మీరు చీరాల బజారులో రెండు రోజులు ఉండి చీర కొనకుండా వస్తారని హామీ ఇవ్వగలరా? ఇవ్వగలిగితే అలాగే వెళ్ళండి.

ఆది, సోమ వారాలు కాకుండా సోమ, మంగళ పెట్టుకోండి. శని, ఆదివారాల్లో గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ కార్లన్నీ సూర్యలంకలోనే ఉంటాయి, రేట్లూ అలాగే ఉంటాయి. మీ ఆయన రెండు రోజులు సెలవు పెట్టాలి, తప్పదు. క్యాలెండర్‌లో ముహూర్తాలు కూడా చూసుకోండి, పెళ్ళి రోజుల్లో రూములు పెళ్ళివాళ్ళకే పోతాయి. సోమవారం తెల్లవారి బయల్దేరితే ఎండ ముదరకముందే చేరిపోతారు కానీ రూము మధ్యాహ్నం దాకా ఇవ్వరు, అందుకే పదకొండు ప్రాంతంలో బయల్దేరండి, కారులో ఏసీ ఉందిగా. మూడింటికి రూములో పడితే సాయంత్రం ఒకసారి, తెల్లవారి సూర్యుడు లేచే వేళకు ఒకసారి, రెండుసార్లు తీరిగ్గా సముద్రం దొరుకుతుంది. మధ్యాహ్నం భోజనానికి చింతపండు పులిహోర కట్టుకెళ్ళండి, పెరుగన్నం వద్దు, ఒంగోలు చేరేసరికి పులుస్తుంది. ఆ ఒక్క పూటతో 700, 800 మిగులుతుంది. తిరుగు ప్రయాణంలో ఉలవపాడు దగ్గర రోడ్డు పక్క మామిడికాయలకు ఓ 300 ఉంచుకోండి, అక్కడ ఆపకుండా వచ్చే కావలి కారు నేనైతే చూడలేదు.

చేపల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఇంజిన్ లేని తెప్పల మీద వచ్చే కొద్దిపాటి చేపకు రేటు మండిపోతుంది, హోటల్లో తాజా వంజరం అని ప్లేటు పెట్టి 500 వేస్తే అది ఐసులోంచి వచ్చిందో ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. రొయ్యలకైతే బాధ లేదు, చెరువులవి ఏడాది పొడవునా ఉంటాయి.

హైవే మీద ఎవరో ఒకరు ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోండని చెప్తారు. 2025లో 3,000తో మొదలైన ఆ పాస్‌తో ఏడాదిలో 200 సార్లు టోల్ దాటొచ్చు, మంచిదే, మీ ఆయన వారంవారం కారులో నెల్లూరో ఒంగోలో వెళ్తుంటే. ఈ ఒక్క ట్రిప్ కోసం దండగ. ఫాస్టాగ్‌లో 500 ఉంచుకుంటే చాలు, బ్యాలెన్స్ లేకపోతే అదనం వాయిస్తారు. బండి టైర్లు, కూలెంట్ మాత్రం ముందు వారమే చూపించండి, ఎండాకాలం హైవే మీద అరిగిన టైరుతో ఐదుగురిని ఎక్కించుకుని పోవద్దు. ఆ ఖర్చు బండిది, ట్రిప్ లెక్కలో రాయకండి.

రూము బుకింగ్ ఏప్రిల్ మొదటి వారంలో చేయండి. హరితకైతే టూరిజం సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే కట్టండి, గూగుల్‌లో కనిపించిన ఏదో నంబరుకు ఫోన్‌పే కొట్టొద్దు, రిసార్టుల పేరుతో అడ్వాన్సులు మింగే బాపతు ఎక్కువైంది. ప్రైవేటుదైతే వాళ్ళకు ఫోన్ చేసి అడగాల్సినవి ఉన్నాయి. కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాను, లైటేనా? మే నెలలో ఈ ఒక్క ప్రశ్న అడగనివాళ్ళు రాత్రంతా వరండాలో కూర్చుంటారు. స్నానానికి మంచినీళ్ళా ఉప్పునీళ్ళా? పిల్లలకు విడిగా వేస్తారా? ఒక పెద్ద రూము, అదనపు పరుపు ఇస్తే ఎంత? ఇది కుదిరితే రెండో రూము అక్కర్లేదు, వెయ్యి, పదిహేను వందలు అక్కడే మిగుల్తాయి. అవసరమైతే తేదీ మార్చుకోవచ్చా? ప్రమాదాలు జరిగినప్పుడు పోలీసులు బీచ్‌లు కొన్నాళ్ళు మూసేస్తారు, అలాంటప్పుడు డబ్బు వాపసు ఇస్తారో లేదో మాట తీసుకోండి. పిల్లల్ని మోకాళ్ళ లోతు దాటనివ్వకండి, ఇది డబ్బు సలహా కాదు, అయినా చెప్తున్నా. అత్తమ్మకు మెట్లు కష్టమైతే కింది అంతస్తు రూము కావాలని బుకింగ్ రోజే చెప్పి, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి, కౌంటరు దగ్గరికి వెళ్ళాక ఎవరికీ గుర్తుండదు.