ఆరుబయట కూర్చుని తినడానికి ఏ హోటల్? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఏసీ గదిలో పది నిమిషాలు కూర్చుంటే చాలు, "నాకు ఊపిరి ఆడుతలేదు, బయట కూసుందాం పా" అంటారు. పిల్లలు ఫోన్‌లో ఫోటోలు చూసి ఎంపిక చేసిన రెండు గార్డెన్ రెస్టారెంట్లకు వెళ్ళి రెండుసార్లూ విసుగుతో తిరిగి వచ్చాము. మొదటి చోట గార్డెన్ అంటే బండ్లు నిలిపే జాగాలో పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరచి వేసిన ఎనిమిది బల్లలు. రెండో చోట చెట్లున్నాయి గాని, పొగకు కళ్ళు మండి సగం భోజనం పార్సిల్ కట్టించుకున్నాము. ఇంటికి దగ్గరలో ఆరుబయట కూర్చోవడానికి అనువైన హోటలును ఎలా ఎంచుకోవాలి? పేర్లు చెప్పినా సంతోషమే.
– ఒక పాఠకురాలు, నయీంనగర్, హన్మకొండ

జవాబు: అమ్మా, పేర్లు చెప్పను. మొహమాటం వల్ల కాదు. ఈ పుట అచ్చయి మీ చేతికి వచ్చేలోగా వంట మాస్టరు మారిపోవచ్చు, చెట్టు కొట్టేసి రేకుల షెడ్డు వేయవచ్చు. పైగా తిండికి పేరున్న హోటలులో బయటి చోటు కూడా బాగుంటుందన్న నమ్మకం ఏమీ లేదు. రుచి సంగతి వంటగది చూసుకుంటుంది గాని, బయటి బల్లల సంగతి యజమాని స్వయంగా ఓ సాయంత్రం అక్కడ కూర్చుని తింటే తప్ప ఆయనకు తెలియదు. మన త్రినగరిలో, అంటే వరంగల్, హన్మకొండ, కాజీపేటలలో, "ఓపెన్ ప్లేస్ కలదు" అని బోర్డు పెట్టుకున్న చాలా చోట్ల జరిగినదేమిటంటే, లోపల పట్టని బల్లలను బయటికి జరిపారు, అంతే. మీరు వెతకవలసింది అలా మిగిలిపోయిన చోటును కాదు, మనిషి కూర్చుంటాడని తలచి అమర్చిన చోటును.

అది ఫోటోలో తెలియదు. దీపాలు వెలిగాక, బల్లలు ఖాళీగా ఉన్నప్పుడు తీసిన బొమ్మలో పొగ, దోమ, వాలు ఏవీ కనబడవు. కాబట్టి నేను పాటించే పద్ధతి ఒక్కటే: కుటుంబాన్ని తీసుకువెళ్ళే ముందు ఏదో ఒక రోజు, భోజనానికి వెళ్ళదలచుకున్న వేళకే మీరొక్కరే వెళ్ళి, ఒక టీ చెప్పి, ఇరవై నిమిషాలు కూర్చోండి. మధ్యాహ్నం మూడింటికి చూసి వస్తే లాభం లేదు. రాత్రి ఎనిమిదింటికి అదే చోటు వేరే చోటు అవుతుంది.

మొదట చూడవలసింది కాళ్ళ కింద. మీ అత్తగారి మోకాళ్ళకు సంబంధించినంత వరకు మెనూ కార్డు కంటే ఇదే ముఖ్యం. చూడముచ్చటగా ఉంటుందని చాలా చోట్ల సన్న కంకర పోసి దాని మీద ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. పెద్దవాళ్ళు లేచేటప్పుడు కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి బరువంతా దాని మీదే మోపుతారు. అప్పుడు ఒక కాలు కంకరలోకి దిగబడి కుర్చీ పక్కకు ఒరుగుతుంది. సమంగా పరచిన షాబాదు బండలు గాని, దిమ్మిస కొట్టిన గట్టి మట్టి నేల గాని అంతకంటే ఎంతో మేలు. చేతులు లేని స్టూళ్ళు, కిందికి ఉండే వెదురు మోడాలు కుర్రవాళ్ళ ఫోటోలకు బాగుంటాయి గాని, వాటి మీద కూర్చున్న పెద్దావిడను లేపడానికి ఇద్దరు కావాలి. బాత్రూము ఎక్కడని ముందే అడగండి, సిగ్గుపడవలసిన పని లేదు. కొన్ని హోటళ్ళలో అది లోపలి హాలు దాటి, వంటగది పక్కనుంచి నడిచి, రెండు తడి మెట్లు ఎక్కాక గాని రాదు.

ఇక మీ కళ్ళు మండించిన పొగ. వానాకాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మన వైపు గాలి ఎక్కువగా నైరుతి, పడమర దిక్కుల నుంచి వీస్తుంది. బల్లలకు పడమటి వైపున తందూరీ బట్టీ గాని, కబాబుల నిప్పుల పొయ్యి గాని ఉంటే ఆ పొగ నేరుగా మీ పళ్ళెం మీదికి వస్తుంది. చలికాలానికి గాలి ఈశాన్యం వైపు నుంచి తిరుగుతుంది గనుక అదే హోటలులో అదే బల్ల డిసెంబరులో హాయిగా ఉండవచ్చు. మీరు వెళ్ళింది ఏ నెలలోనో రాయలేదు; వానల రోజుల్లో అయితే ఆ చెట్ల కిందికి సంక్రాంతి ముందు ఇంకోసారి వెళ్ళి చూడమంటాను. వాస్తు పట్టింపున్న యజమాని వంటిల్లు ఆగ్నేయంలో పెట్టుకుంటాడు. ఆయన నమ్మకం మాట ఎలా ఉన్నా, పడమటి గాలికి ఆ పొగ తూర్పుకే పోతుంది కాబట్టి పడమటి పక్కన కూర్చున్న మనకు లాభమే.

దోమల విషయంలో చెట్లను తప్పుపట్టకండి, కుండీలను చూడండి. ఒక్కొక్క పూలకుండీ కింద నీళ్ళు కారకుండా పెట్టిన ప్లాస్టిక్ సాసరును కాస్త జరిపి చూస్తే, నిలిచిన నీటిలో సన్నటి పురుగులు తల కిందులుగా వేలాడుతూ, మీ నీడ పడగానే గిలగిలా అడుగుకు పోతూ కనబడతాయి. డెంగీని మోసే దోమ అటువంటి నీళ్ళలోనే పుట్టి, వారం పది రోజుల్లో రెక్కలు తొడుక్కుంటుంది. పగటి పూట, ముఖ్యంగా పొద్దుటి వేళ, పొద్దు వాలే ముందు, ఎక్కువగా కాళ్ళ దగ్గరే కుడుతుంది. సాసర్లు పొడిగా ఉన్న హోటలులో ఇంకెన్నో విషయాలు శుభ్రంగా ఉంటాయని నా అనుభవం. బల్లల ఎత్తులోనే తిరిగే స్టాండు ఫ్యాను ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే దోమ ఎదురుగాలికి ఎగరలేదు. పైన ఎక్కడో కట్టిన ఫ్యాను వల్ల బల్ల కింద కాళ్ళకు ఒరిగేది ఏమీ లేదు.

తొలకరిలో ఇంకో బెడద ఉన్నది. మూడేళ్ళ కిందట, మొదటి వాన పడిన మరునాటి సాయంత్రం, మా ఇంటికి దగ్గరి ఒక హోటలు ఆవరణలో మేము నలుగురం కూర్చున్నాము. తల మీద తెల్లటి పెద్ద లైటు. పెరుగన్నం రాగానే ఉసిళ్ళు దిగాయి. వందల కొద్దీ, రెక్కలు రాల్చుకుంటూ పెరుగులో, నీళ్ళ గ్లాసులో, మా ఆవిడ జడలో కూడా. సర్వరు పరుగున వచ్చి లైటు ఆర్పాడు, చీకట్లో మిగిలిన అన్నం ఎవరూ ముట్టలేదు. ఆ తరువాత నేను దీపాలు ఎక్కడున్నాయో చూసుకోకుండా కూర్చోను. పసుపు రంగు దీపాలకు పురుగులు తక్కువగా వస్తాయి. పెద్ద తెల్ల లైటును బల్లలకు దూరంగా గేటు దగ్గర వెలిగించే హోటలువాళ్ళు ఈ సంగతి ఎరిగినవాళ్ళు.

వాన అనగానే మీ నయీంనగర్ నాలా (కాలువ) గుర్తుకు వస్తున్నది. 2023 జూలై వరదలలో మీ పేటలోను, హంటర్ రోడ్డు పక్క కాలనీలలోను ఇళ్ళలోకి నీళ్ళు వచ్చిన సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. రోడ్డు కంటే పల్లంలో ఉన్న ఆవరణ ఎంత అందంగా ఉన్నా వానాకాలం నాలుగు నెలలూ దానిని లెక్కలోంచి తీసేయండి. మురుగు కాలువ మీద పరచిన రాతి పలకల మీద బల్లలు వేసిన చోటును ఏడాది పొడుగునా తీసేయండి.

తిండి గురించి ఒక్కటే మాట. బయటి బల్లకు, వంటగది కిటికీకి దూరం ఎక్కువైతే జొన్నరొట్టె మీ దగ్గరికి వచ్చేసరికి అట్టముక్క అవుతుంది, కాబట్టి దగ్గరి బల్లనే అడగండి.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. ఎండాకాలంలో మా మిత్రబృందం వారానికి ఒకసారి బయట భోంచేస్తుంది. డాబా మీది రూఫ్‌టాప్ హోటలు చల్లగా ఉంటుందని కొందరు, నేల మీదిదే మేలని కొందరు. నీటి తుంపర చల్లే ఫ్యాన్లున్న చోటికి వెళ్ళమని ఇంకొందరు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: మే నెలలో పగటి ఎండ 42 డిగ్రీలు దాటడం మన ఊళ్ళో వింత కాదు. అటువంటి రోజున కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని తాగి, పొద్దుగూకాక దానిని నెమ్మదిగా కక్కుతుంది. రాత్రి ఎనిమిదింటికి కూడా డాబా మీద చెప్పులు విప్పి నిలబడితే అరికాలికి ఆ సంగతి తెలుస్తుంది. పైన గాలి ఆడుతుందన్నది నిజమే, అయితే కింద నుంచి సెగ, పక్కనున్న పిట్టగోడ నుంచి సెగ వస్తూ ఉంటే ఆ గాలి వడగాలే. కాబట్టి ఏప్రిల్, మే నెలలలో మీ బృందం రాత్రి తొమ్మిదింటికి ముందే భోంచేసేదయితే నేల మీది చెట్టు నీడకే నా ఓటు. సాయంత్రం నీళ్ళు చల్లిన మట్టి నేల స్లాబు కంటే చాలా ముందుగా చల్లబడుతుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం డాబాను మించినది లేదు. గ్రానైటు బల్లలంటే మన కరీంనగర్, వరంగల్ వైపు అందరికీ మోజే. పగలంతా ఎండలో ఉన్న గ్రానైటు కూడా స్లాబులాంటిదేనని, దాని మీద మోచేయి పెట్టబోయే ముందు గుర్తుంచుకోండి.

తుంపర ఫ్యాన్లు మోసమేమీ కాదు. నీటి చుక్క ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుంటుంది, అందుకే పొడి గాలి వీచే ఏప్రిల్, మే నెలలలో అవి చక్కగా పనిచేస్తాయి. జూలై వచ్చేసరికి గాలిలోనే తేమ నిండి ఉంటుంది గనుక ఆ చుక్క ఆవిరి కాక మీ చొక్కా మీద, అప్పడం మీద దిగుతుంది. ఆ నీటినే మీరు పీలుస్తున్నారు కాబట్టి ఫ్యాను కింది తొట్టిలో ఒకసారి తొంగి చూడండి. పాచి పట్టి, జిగటగా ఉంటే ఉక్కపోతే నయం.

ప్రశ్న: నేను హాస్టలులో ఉండి చదువుకుంటున్నాను. మొన్న స్నేహితులతో వెళ్ళిన ఒక రెస్టారెంటులో చెట్టు కింద కూర్చున్నాము. బిల్లులో జీఎస్టీ కాక 10 శాతం సర్వీస్ చార్జీ వేశారు. "గార్డెన్ సీటింగుకు ఇది మామూలే" అన్నారు. అలా తీసుకోవచ్చునా?
– ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: మీరు ఇష్టపడి ఇస్తే తీసుకోవచ్చు, బిల్లులో వేసి కట్టమనడానికి లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏ హోటలూ సర్వీస్ చార్జీని తనంతట తాను బిల్లులో కలపకూడదు, దానికి ఇంకో పేరు పెట్టి వసూలు చేయకూడదు. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళ్ళినా, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. తీసివేయమని మర్యాదగా అడగండి. వినకపోతే బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

జీఎస్టీ మాట వేరు. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంటులో ఏసీ హాలుకైనా, చెట్టు కిందికైనా పన్ను 5 శాతమే. అంతకు ముందు ఏసీకి 18, ఏసీ లేనిదానికి 12 ఉండేది గనుక పాత లెక్క చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. అయితే బయటి బల్లలకు ధరలు ఎక్కువగా పెట్టి మెనూ కార్డులోనే అచ్చు వేస్తే అది మీరు చూసి ఒప్పుకున్న ధర అవుతుంది. కూర్చునే ముందే కార్డు అడగడం హాస్టలు విద్యార్థికి అవసరమైన విద్య.

ప్రశ్న: ఆరుబయట బల్లల దగ్గర పక్కవాళ్ళు సిగరెట్టు కాలిస్తే అడగవచ్చునా? "ఇది ఓపెన్ ప్లేస్" అంటున్నారు.
– ఒక పాఠకుడు, కరీమాబాద్

జవాబు: అడగవచ్చు. బహిరంగ స్థలాలలో పొగ తాగడాన్ని నిషేధించే నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి అమలులో ఉన్నాయి, రెస్టారెంట్లు వాటి కిందికే వస్తాయి. ముప్పై మంది గాని, అంతకంటే ఎక్కువ మంది గాని కూర్చునే హోటలు పొగ తాగేవారికి విడిగా ఒక చోటు కేటాయించవచ్చు, అయితే అది పిల్లలతో మీరు అన్నం తినే బల్ల పక్కది కాదు. నేరుగా పక్కవాళ్ళతో తగవు పెట్టుకోకుండా మేనేజరుకు చెప్పండి. ఆయన నవ్వి ఊరుకుంటే ఆ హోటలును మీ జాబితాలోంచి కొట్టేయండి.

ప్రశ్న: మాకు నర్సంపేటలో చిన్న టిఫిన్ సెంటరు ఉంది. ముందున్న జాగాలో నాలుగు బల్లలు వేసి, నీడకు చెట్లు పెట్టాలనుకుంటున్నాము. గిరాకీకి నచ్చేలా ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ఎంచుకునేవారి ప్రశ్నల నడుమ మీ ఉత్తరం రావడం బాగుంది. నాలుగు బల్లలు పట్టే జాగాలో మూడే వేయండి. ఇడ్లీ పళ్ళెం, వేడి సాంబారు పట్టుకుని సర్వరు తిరగడానికి, వెనక కుర్చీని తగలకుండా ఒకరు లేవడానికి ఆ ఖాళీ కావాలి.

చెట్టు విషయంలో కానుగకు నా మొదటి మాట. చిక్కటి నీడ, ఎండలు ముదిరే వేళకు కొత్త చిగురు. వేప కూడా మంచిదే గాని, పూత రోజుల్లో చట్నీలో పువ్వు, పండ్ల రోజుల్లో నేల మీద జిగురు తప్పవు. ఉగాది నాడు తప్ప వేపపువ్వును ఎవరూ ఇష్టపడరు. మునగ మాత్రం వద్దు. కాయలు అమ్ముకోవచ్చుననే ఆశతో మునగ కింద బల్ల వేస్తే, గొంగళి పురుగు మెడ మీద పడ్డ గిరాకీ మళ్ళీ రాడు. పెద్ద చింతచెట్టు ఇప్పటికే ఉండి, దాని మీద కొంగలు గూళ్ళు కట్టుకుని ఉంటే, బల్లలనే ఇవతలికి జరపండి.

కానుగ ఎదిగేదాకా మూడు నాలుగేళ్ళు గ్రీన్ నెట్‌తో నెట్టుకురావచ్చు. నెట్ ఇనుప రేకుల కంటే మేలే గాని, దానిని తలకు తగిలేటంత కిందికి కట్టవద్దు. పది అడుగుల ఎత్తున, పడమటి వైపు కాస్త కిందికి దించి కడితే నాలుగు గంటల ఎండ బల్ల మీదికి రాదు. చేయి కడుక్కునే పంపు బయటే పెట్టించండి, ఆ నీరు పోయే గొట్టాన్ని కానుగ మొదట్లోకి మళ్ళించండి.