మున్సిపాలిటీ సేకరించిన ఖాళీ జాగాలో పేదలకు ఇళ్లు అడగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ పట్నంలో మున్సిపాలిటీ ఎప్పుడో సేకరించిన జాగా తుమ్మచెట్లు మొలిచి పడి ఉంది, కిరాయి గదుల్లో ఉండే కూలీలకు అక్కడ ఇళ్లు ఇమ్మని అడగొచ్చా, ఎవరిని అడగాలి అని మీ ప్రశ్న. తప్పకుండా అడగొచ్చు. మేము మూడేళ్లుగా అదే పనిలో ఉన్నాం. మాది ఉమ్మడి పాలమూరు జిల్లాలో ఒక చిన్న పట్నం. నేను మెప్మా ఆర్పీని, అంటే పట్నాల్లో మహిళా సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ తరఫున వార్డులో పనిచేసే రిసోర్స్ పర్సన్‌ని. మహిళా సంఘాల పుస్తకాలు చూస్తాను కాబట్టి మా వార్డులో ఎవరు ఎంత కిరాయి కడుతున్నారో ఇంటింటి లెక్కా తెలుసు.

ముందు ఒక మాట. ఇల్లు అడగకండి, జాగా అడగండి. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 4 విడతలుగా 5 లక్షలు ఇస్తున్నారు కదా అని అందరూ అంటారు. అది సొంత జాగా ఉన్నవాళ్లకు. సర్వేలో జాగా ఉండి ఇల్లు లేనివాళ్లను ఎల్‌1 లిస్టులో, జాగా కూడా లేనివాళ్లను ఎల్‌2లో పెట్టారు. రోజూ పొద్దున అడ్డా మీద నిలబడి పని దొరికితే పోయే మా కూలీలు దాదాపు అందరూ ఎల్‌2లోనే ఉన్నారు. ఇప్పుడున్న గజం ధరకు వాళ్లు పట్నంలో జాగా కొనడం కాని పని.

మా సంఘంలో ఒకామె మేస్త్రీ వెంట మాలు మోస్తుంది. పది బై పది రేకుల గది, నెలకు 3,500 కిరాయి. ఎండాకాలం మధ్యాహ్నం రేకు కింద ఉండలేక పిల్లలు బయట గోడ నీడకు తడిపిన గోనెసంచి పరుచుకుని పడుకుంటారు. మోటరు స్విచ్ ఓనరు ఇంట్లో ఉంటుంది. పొద్దున అరగంట వేస్తారు. ఆ అరగంటలో డ్రమ్ము నిండితే నిండినట్టు, లేదంటే మరునాటి దాకా నీళ్లు లేవు. చుట్టం వచ్చి నాలుగు రోజులుంటే ఓనరు నీళ్లకు వేరే పైసలు అడుగుతాడు.

ఊరి బయట ఇస్తే సరిపోదా అని మీకు కూడా చెబుతారు. సరిపోదు. మా దగ్గర డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు 7 కిలోమీటర్ల అవతల కట్టారు. 560 చదరపు అడుగులు, స్లాబు ఇల్లు, ఒక్క రూపాయి కట్టే పని లేదు. అయినా కొందరు తాళం వేసి మళ్లీ అడ్డా దగ్గరే కిరాయికి దిగారు. ఏడింటికల్లా అడ్డా మీద నిలబడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఆ వేళకు అక్కడి నుంచి బస్సు లేదు, ఆటోకు రానుపోను 80 రూపాయలు. అందుకే మేము ఊరి నడుమ ఉన్న జాగా కోసమే పట్టుబట్టాం.

ఇక కాగితాల సంగతి. మేము ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. మొదటి ఏడాదంతా ప్రతి సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయి "ఆ ఖాళీ జాగా ఇవ్వండి" అని దరఖాస్తు ఇచ్చాం. ఏ జాగా, ఏ సర్వే నంబరు అని అడిగితే మా దగ్గర జవాబు లేదు. తర్వాత సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్ల పేరు మీద పెట్టి కార్డు జిరాక్సు జత చేస్తే అదీ ఉండదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, అవార్డు (భూమి సేకరించినప్పుడు పరిహారం తేల్చి ఇచ్చిన ఉత్తర్వు) కాపీ, స్వాధీనం చేసుకున్నప్పటి పంచనామా, కౌన్సిల్ తీర్మానాలు విడివిడిగా అడగండి. అవార్డులో ఏ పనికి, ఏ చట్టం కింద తీసుకున్నారో ఉంటుంది. మాది కూరగాయల మార్కెట్ కోసం 1894 నాటి పాత భూసేకరణ చట్టం కింద తీసుకున్న 2 ఎకరాల 10 గుంటలు. మార్కెట్ వేరే చోట వచ్చింది. మీది 2013 భూసేకరణ చట్టం కింద తీసుకున్నదైతే 99, 101 సెక్షన్లు వకీలుతో చదివించుకోండి. తీసుకున్న పని మార్చడం గురించి, 5 ఏళ్లు వాడకుండా వదిలేసిన భూమి గురించి వాటిలో ఉంది. పేదలకు ఇళ్లు కట్టడం కూడా ప్రజా ప్రయోజనమేనని అదే చట్టం చెబుతుంది.

జవాబు వచ్చాక ఇంకో టెన్షన్. పరిహారం ఇచ్చేసినా పహాణీలో (భూమి ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డు) ఇంకా పాత రైతు పేరే ఉంది. ఎవరైనా ఆ కాగితం పట్టుకుని అమ్మేసుంటే మా పని అక్కడితో ఆగేది. కాబట్టి ఇళ్ల మాట ఎత్తేముందు రికార్డులో మున్సిపాలిటీ పేరు ఎక్కించమని, హద్దురాళ్లు పాతమని అడగండి. లేఅవుట్లలో పార్కుకు వదిలిన జాగా, చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) లోపలి జాగా మాత్రం అడగొద్దు. కోర్టులో నిలబడదు.

లెక్క కూడా మీరే వేసి ఇవ్వండి. ఎకరానికి 4,840 గజాలు. మా 2 ఎకరాల 10 గుంటలు 10,890 గజాలు అయ్యింది. బాటలకు, మోరీలకు, అంగన్‌వాడీకి 40 శాతం తీసేస్తే 6,500 గజాలకు పైన మిగులుతుంది. 60 గజాల చొప్పున 108 ప్లాట్లు. మా లిస్టులో ఉన్నవి 94 కుటుంబాలు. ఆ కాగితం టేబుల్ మీద పెట్టిన రోజే కమిషనర్ మమ్మల్ని కూర్చోమన్నారు.

పక్క కాలనీ వాళ్లు ప్లాట్ల రేట్లు పడిపోతాయని అడ్డు చెప్పారు. వాళ్ల ఇళ్లల్లో అంట్లు తోమే నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఇంటింటికీ పోయాను. అందరూ ఒప్పుకోలేదు. ముగ్గురు మాత్రం మా అర్జీ మీద సంతకం పెట్టారు.

ప్లాట్లు ఇంకా రాలేదు. పహాణీలో పేరు మారింది, సర్వేయర్ వచ్చి రాళ్లు పాతాడు, ఇళ్ల జాగాకు కేటాయించాలని కౌన్సిల్ తీర్మానం చేసి కలెక్టరేట్‌కు పంపింది. ఫైలు నంబరు మా 94 ఇళ్లల్లోనూ రాసి ఉంది. వంతులవారీగా సోమవారం ఇద్దరం పోయి ఎక్కడిదాకా వచ్చిందో అడిగి వస్తున్నాం. మీరు ముందు సర్వే నంబరు కనుక్కోండి. అవార్డు కాపీ వచ్చాక ఇక్కడే రాయండి, మేము రాసుకున్న అర్జీ నమూనా పంపుతాను.