లెక్కల మాస్టారితో మాటామంతీ: ఈ నెల హైపేషియా

పోయిన నెల శాంకవాల (శంకువుని అడ్డంగానో ఏటవాలుగానో కోస్తే వచ్చే వంపుల) గురించి రాస్తూ పాతకాలపు గ్రీకు గణితవేత్త హైపేషియా పేరు ఒక్క లైన్లో అన్నాను, దాని మీద కోనసీమ నుంచీ భీమవరం వైపు నుంచీ చాలా ఉత్తరాలొచ్చాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆవిడకే.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. నేను బీఎస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం. హైపేషియా గురించి ఎక్కడ చూసినా ఆవిణ్ణి ఎలా చంపారో రాస్తారు గానీ లెక్కల్లో ఏం చేసిందో రాయరు. ఆవిడ పేరు మీద ఒక్క సిద్ధాంతం లేదు, రాసిన పుస్తకాలు కూడా దొరకవంట. మరి గొప్ప గణితవేత్త అని ఎలా అంటున్నారండి?
— ఒక విద్యార్థిని, అమలాపురం

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగావమ్మా, కాస్త ఓపిగ్గా చదువు. ఆవిడది అలెగ్జాండ్రియా, ఈజిప్టులో నైలు నది డెల్టాకి పడమటి అంచున, సముద్రం ఒడ్డునున్న ఊరు. పుట్టింది క్రీ.శ. 350కీ 370కీ మధ్యలో అంటారు, 415లో చంపేశారు. నాన్న థియోన్ పెద్ద లెక్కల పండితుడు, యూక్లిడ్ పుస్తకాన్ని ఆయన సరిదిద్ది తయారుచేసిన ప్రతినే తర్వాత వెయ్యేళ్లకు పైగా అందరూ చదివారు, మనం హైస్కూల్లో చేసిన జామెట్రీ ఆ దారినే వచ్చింది. ఆ థియోనే టాలమీ రాసిన ఆల్మజెస్ట్ అనే ఖగోళశాస్త్ర గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూ, మూడో భాగం దగ్గర మాత్రం దీని ప్రతిని తత్వవేత్త అయిన నా కూతురు హైపేషియా సిద్ధం చేసిందని పెట్టాడు. కన్నతండ్రి కూతురి పేరు ముందు తత్వవేత్త అని రాయడం, అదీ ఆ కాలంలో, నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఆ మూడో భాగం సూర్యుడి లెక్క. సంవత్సరానికి 365 రోజుల 5 గంటల 55 నిమిషాల 12 సెకన్లు అని టాలమీ పెట్టుకున్నాడు, 360 డిగ్రీల్ని దాంతో భాగిస్తే సూర్యుడు రోజుకి ఎంత జరుగుతాడో వస్తుంది. ఇప్పుడైతే కాలిక్యులేటర్ నొక్కితే అయిపోతుంది, వాళ్లకి మనలా దశాంశాలు లేవు, అంతా 60 లెక్కన, డిగ్రీలో 60 నిమిషాలు, నిమిషంలో 60 సెకన్లు, అలా కిందకి దిగుతూ పోవాలి. రోజుకి డిగ్రీలో 59 నిమిషాల 8 సెకన్ల పైచిలుకు, అంటే ఒక డిగ్రీకి కాస్త తక్కువ, తేలుతుంది. ఆ వ్యాఖ్యానంలో ఈ భాగహారాన్ని పట్టికలా వేసి చేసిన పద్ధతి ఒకటుంది, అది హైపేషియా చేతిదేనని కొందరు పండితులంటారు. నాకూ ఆ మాటే నమ్మాలనిపిస్తుంది, ఎందుకంటే రోజూ పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పేవాళ్లకే ఇలా పట్టిక గీస్తే తొందరగా అర్థమవుద్దన్న ఆలోచన వస్తుంది.

ఇవి కాక ఆవిడకంటే ముందటి గ్రీకు గణితవేత్తలు డయోఫాంటస్ రాసిన బీజగణితానికీ, అపోలోనియస్ రాసిన శాంకవాలకీ వ్యాఖ్యానాలు రాసిందని సూదా అనే 10వ శతాబ్దపు గ్రీకు నిఘంటువు చెబుతుంది. అవి పోయాయి, నిజమే. కానీ వ్యాఖ్యానమంటే గైడు పుస్తకం అనుకోకు. అచ్చు లేని కాలం కదా, ఎవరో ఒకరు పాత పుస్తకం చదివి, నకలు రాసినోళ్లు చేసిన తప్పులు పట్టుకుని, వదిలేసిన మెట్లు నింపి, మళ్లీ రాయించి పిల్లలకి చెప్పకపోతే ఆ లెక్క అక్కడితో పోయినట్టే. అపోలోనియస్ ఎనిమిది భాగాలు రాస్తే నాలుగు గ్రీకులో, మూడు అరబ్బీలో మిగిలాయి, ఎనిమిదోది పోయింది. డయోఫాంటస్‌వి 13లో ఆరు గ్రీకులో మిగిలాయి, మరో నాలుగు అరబ్బీలో 20వ శతాబ్దంలో బయటపడ్డాయి. నువ్వు ఇంటర్లో చేసిన పరావలయం, దీర్ఘవృత్తం మనదాకా వచ్చాయంటే మధ్యలో ఇలాంటోళ్లు వరసగా ఉండబట్టే.

మన పక్కనే చూడు, పావులూరి మల్లన. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినాయన, పిఠాపురం దగ్గర నవఖండవాడ అనే ఊరిని రాజరాజనరేంద్రుడు ఆయనకి ఇచ్చాడని చెబుతారు. కొత్త సిద్ధాంతమేం కనిపెట్టాడని ఆయన్ని ఎవరూ నిలదీయరు, తెలుగులో లెక్కలు మొదలైందే ఆయనతో అని గౌరవంగా చెప్పుకుంటాం. హైపేషియాకీ ఆ గౌరవమే ఇవ్వమంటున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మాది పాల కేంద్రమండి. హైడ్రోమీటర్ కనిపెట్టింది హైపేషియాయేనని మా అబ్బాయి ఫోన్లో చూపించాడు. నిజమేనాండి?
— ఒక పాఠకుడు, భీమవరం దగ్గర

జవాబు: కనిపెట్టిందనడానికి ఆధారం లేదండి, కానీ అసలు సంగతి కూడా బాగుంటుంది. ఆవిడ దగ్గర చదువుకున్న సినేసియస్ అనే ఆయన ఇప్పటి లిబియాలో ఉండేవాడు, కష్టాల్లో ఉండి, నాకో హైడ్రోస్కోప్ (మనం హైడ్రోమీటర్ అనే లాంటిదే) చేయించి పంపమని ఆవిడకి ఉత్తరం రాశాడు, అదెలా ఉంటుందో వివరంగా చెప్పాడు: పిల్లనగ్రోవి అంత గొట్టం, దాని మీద నిలువునా గాట్లు, నీళ్లలో నిటారుగా నిలబడటానికి అడుగున శంకువు ఆకారంలో బరువు, ఎన్ని గాట్లు మునిగిందో చూసి ఆ నీళ్లు ఎంత బరువో తెలుసుకోవాలి. మీ కేంద్రంలో లాక్టోమీటర్ చేసే పని అదే కదండీ, నీళ్లు కలిస్తే పాలు పలచబడి అది ఎక్కువ మునుగుతుంది, చిక్కగా ఉంటే పైకి తేలుతుంది. ఇంతకీ ఆ ఉత్తరంలో నాకు నచ్చింది ఏంటంటే, తత్వశాస్త్రం చెప్పే గురువుని పట్టుకుని ఇత్తడి పనిముట్టు చేయించమని శిష్యుడు మొహమాటం లేకుండా అడిగాడు, అంటే ఆవిడకి చేతిపని వాళ్లతో కూర్చుని కొలతలు చెప్పి పని చేయించడం అలవాటేనని నేననుకుంటాను. నక్షత్రాలు చూసే ఆస్ట్రోలేబ్ ఒకటి కూడా ఆవిడ నేర్పిన దాన్నిబట్టే చేయించానని ఇంకోచోట రాశాడు, అయితే ఆస్ట్రోలేబ్ ఆవిడకంటే ముందునుంచే ఉంది.

ప్రశ్న: ఆవిణ్ణి సైన్స్ చెప్పినందుకు చంపారని కొందరు, అలెగ్జాండ్రియా లైబ్రరీతోపాటే కాల్చేశారని కొందరు అంటున్నారు. ఏది నిజమండి?
— ఒక టీచరు, రావులపాలెం

జవాబు: లైబ్రరీకీ ఆవిడ చావుకీ సంబంధం లేదండి. పెద్ద లైబ్రరీ అంతకు చాలా ముందే చితికిపోయింది, దాని శాఖ ఒకప్పుడు ఉండిన సెరాపియం గుడిని కూలగొట్టింది 391 ప్రాంతంలో, అప్పటికి ఆవిడ బతికే ఉంది, పాఠాలు చెబుతూనే ఉంది. 412లో సిరిల్ అనే ఆయన ఊరికి బిషప్ అయ్యాడు, ఆయనకీ రోమన్ గవర్నర్ ఒరెస్టెస్‌కీ ఊరి మీద పెత్తనం ఎవరిదన్న గొడవ మొదలైంది. ఒరెస్టెస్ హైపేషియా సలహా తీసుకునేవాడు, ఇద్దరూ రాజీపడకుండా ఆవిడే అడ్డుపడుతోందని పుకారు లేపారు, 415 మార్చిలో ఒక గుంపు బండిలో వస్తున్న ఆవిణ్ణి లాగేసి చంపింది. మతానికీ సైన్స్‌కీ యుద్ధం అని చెప్పేస్తే వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ ఒరెస్టెస్ కూడా క్రైస్తవుడే, సినేసియస్ తర్వాత బిషప్ అయ్యాడు, ఈ హత్య అలెగ్జాండ్రియా చర్చికి తలవంపులని రాసిన చరిత్రకారుడు సోక్రటీస్ కూడా క్రైస్తవుడే (పాత తత్వవేత్త సోక్రటీస్ కాదు, ఈయన వేరే). పిల్లలకి ఇదంతా చెప్పండి, ఒక్క వాక్యంలో తేల్చేయకండి.

ప్రశ్న: ఆలోచించే హక్కు వదులుకోవద్దు, తప్పుగా ఆలోచించినా అసలు ఆలోచించకపోవడం కంటే నయం అని హైపేషియా చెప్పిందంటూ మా గ్రూపులో తెగ తిరుగుతోందండి.
— ఒక గృహిణి, నరసాపురం

జవాబు: ఆవిడది కాదమ్మా. 1908లో ఎల్బర్ట్ హబ్బర్డ్ అనే అమెరికన్ రచయిత ఆవిడ నోట పెట్టిన మాట. ఆవిడ గ్రీకు తత్వవేత్తలు ప్లేటో, ప్లొటినస్‌ల దారిలో తత్వం చెప్పేదని, లెక్కలు నేర్చుకుంటే మనసు కంటికి కనపడే వాటిని దాటి పైకి వెళ్లగలదని ఆ దారి వాళ్ల నమ్మకమని మాత్రం చెప్పొచ్చు.

ప్రశ్న: మాస్టారూ, ఆవిడ తన శిష్యులకి చెప్పి ఉండే లెక్క ఏదైనా ఒకటి ఇవ్వండి, మేమూ చేస్తాం.
— టెన్త్ పిల్లలు, ముమ్మిడివరం

జవాబు: డయోఫాంటస్ రెండో భాగంలో ఎనిమిదో లెక్క తీసుకోండర్రా. 16ని రెండు వర్గాల మొత్తంగా రాయాలి, భిన్నాలు రావచ్చు. ఒకటి ఎక్స్ వర్గం అనుకోండి, మిగిలింది 16లోంచి ఎక్స్ వర్గం తీసేస్తే వచ్చేది, అది కూడా వర్గం కావాలి కాబట్టి దాన్ని రెండు ఎక్స్ మైనస్ 4 మొత్తానికి వర్గం అనుకోండి. విస్తరిస్తే రెండు వైపులా 16 కొట్టుకుపోతుంది, ఎక్స్ విలువ 16/5 వస్తుంది, రెండోది 12/5. సరిచూసుకోండి: 256/25, 144/25 కలిపితే 400/25, అంటే 16. ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్త తన దగ్గరున్న డయోఫాంటస్ పుస్తకంలో ఈ లెక్క పక్కనున్న మార్జిన్లోనే 1637 ప్రాంతంలో తన పేరుమోసిన చివరి సిద్ధాంతం (వర్గాల బదులు ఘనాలూ, ఇంకా పై ఘాతాలూ తీసుకుంటే ఇలా విడదీయడం కుదరదని) రాసుకున్నాడు, దాని రుజువు ఆండ్రూ వైల్స్ 1995లో ప్రచురించేదాకా దొరకలేదు. మీరు 16 బదులు 9తో చేసి పంపండి, మైనస్ 4 ఎందుకు పెట్టామో, 9కి దాని బదులు ఏం పెట్టాలో కూడా రాయాలి, ఊరికే జవాబు రాస్తే ఒప్పుకోను.